పెంచలయ్య సారు తగ్గించని ఫీజు

కంప్యూటరులోని ర్యామ్ ముక్క అంచున బంగారు రంగు పళ్ళుంటాయి. వాటిని పెన్సిలు రబ్బరుతో రుద్దితే ఒక వాసన వస్తుంది. ఎవరికైనా అది ఒకటో తరగతి వాసన. నాకు మాత్రం పెంచలయ్య సారు వాసన. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో, కంప్యూటర్లు మొరాయిస్తే బాగుచేసే విభాగంలో నా ఉద్యోగం. ఈ రోజు ఉదయం స్టోర్సు నుంచి వచ్చిన కంప్యూటరు పెట్టె ఒకటి మూడుసార్లు కూసి ఆగిపోయింది. మూత విప్పి, ర్యామ్ ఊడదీసి, రబ్బరు పెట్టి మెల్లగా రుద్దుతుంటే వేళ్ళకు ఆ వాసన అంటుకుంది. నెల్లూరులో మేడమీది గది, పొడుగాటి బల్ల, దాని చివర కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్న ఆయన, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. ఆయన్ను ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. అయితే దానికి ముందు నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి.

కావలి నుంచి తడ దాకా, కంప్యూటరు కోర్సును నాకంటే చవగ్గా కొన్న మనిషి ఉంటే చూపించమని ఇప్పటికీ సవాలు చేస్తాను. అరవై అయిదు వేలు చెప్పిన ప్యాకేజీని ఇరవై ఎనిమిది వేలకు తెంపాను. హార్డ్‌వేరు, నెట్‌వర్కింగు, క్లౌడు, సైబర్ సెక్యూరిటీ, ఇంకా నాకు ఇప్పటికీ సరిగ్గా పలకడం రాని మూడు, వెరసి ఏడు కోర్సులు. స్పోకెన్ ఇంగ్లీషు కొసరు. భుజానికి తగిలించుకునే సంచి కొసరు మీద కొసరు. అవతలి వాళ్ళ ముఖాలు వాడిపోవడం కళ్ళారా చూసి మరీ సంతకం పెట్టాను. ఆ ఏడింటిలో ఒక్కటీ నాకు అన్నం పెట్టలేదన్నది వేరే సంగతి. బేరం మాత్రం దివ్యంగా కుదిరింది.

మాది సూళ్లూరుపేట. మా నాయనకు బజారులో మ్యాచింగ్ అంగడి ఉండేది. చీర కొంగు పట్టుకొచ్చిన ఆడవాళ్ళకు దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్సు ఇచ్చే అంగడి. నేను మాటలు నేర్చింది ఆ గుడ్డల మధ్యనే కాబట్టి, నాకు నిండు వాక్యంగా వచ్చిన మొదటి మాట 'ఆ రేటుకు మాకే పడదమ్మా' అని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఎంత చెప్పాలి, ఎక్కడ ముఖం చిన్నబుచ్చుకోవాలి, ఎప్పుడు గుడ్డ మడిచి పక్కన పెట్టేయాలి, ఇవన్నీ నాయన నాకు ఎక్కాలతో పాటే నేర్పాడు. ఆయన మోకాళ్ళు అరిగిపోయాక పద్నాలుగేళ్ళు అంగడి నేనే నడిపాను. తర్వాత జాకెట్టు గుడ్డ చీరతో కలిసి ఫోనులో నుంచే ఇంటికి రావడం మొదలైంది. రోజుకు ముప్పై బేరాలు పదయ్యాయి, పది మూడయ్యాయి. చివరికి అంగడి ఖాళీ చేసి, ఎప్పుడో నాయన కట్టిన అడ్వాన్సు డెబ్బై వేలు వెనక్కి తెచ్చుకున్నాము. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. మా ఆయన నాయుడుపేటలో స్పేరు పార్టుల కొట్టులో గుమాస్తా. ఆయన జీతం ఇంటికి సరిపోతుంది, నా పొరపాట్లకు సరిపోదు. తడ వైపు ఫ్యాక్టరీల్లో కంప్యూటర్ సపోర్టు పనికి ఆడవాళ్ళను తీసుకుంటున్నారని, పగటి షిఫ్టు, కంపెనీ బస్సు అని మా పాత ఖాతాదారు ఒకామె చెప్పింది. ఆ డెబ్బై వేలు పెట్టి నేను ఇంకో బతుకు కొనుక్కోవాలి. ఒక్కసారే కొనగలను. కాబట్టి కొనడంలో నా పనితనమంతా చూపించాలని బయల్దేరాను.

మొదట వెళ్ళింది పెంచలయ్య సారు దగ్గరికే. నెల్లూరు మద్రాసు బస్టాండుకు కాస్త దూరంలో, ఎరువుల అంగడి మీద ఒక గది. బోర్డు లేదు. తలుపు పక్కన గోడకు ఒక తెల్ల కాగితం అంటించి ఉంది: కంప్యూటర్ సపోర్టు పని నేర్పబడును, నాలుగు నెలలు, ఇరవై రెండు వేలు. లోపల బల్లమీద ఆరు కంప్యూటర్లు పేగులు బయటపడేసుకుని ఉన్నాయి. సరుకంతా విప్పి కిందపడేసిన అంగడి బాగుపడదని నాకు తెలుసు. మనసులో ఆయన రేటు అప్పుడే అయిదు వేలు తగ్గించేశాను. సారుకు యాభై అయిదు ఉంటాయేమో. పీచులాంటి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు. ఒక కాలేజీ ల్యాబులో ఇరవై ఏళ్ళు పనిచేసి, అది మానుకుని ఈ గది పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

"ఏం చేస్తుంటారమ్మా?" అన్నారు.

"అంగడి సార్. సూళ్లూరుపేటలో. మూసేసినాం."

"అంగట్లో కంప్యూటరు ఉండిందా?"

"బిల్లులకు ఒకటి ఉండింది."

"అది నిలబడిపోతే ఏం చేసేవాళ్ళు?"

"తట్టేదాన్ని సార్. వినకపోతే ఆపి మళ్ళీ వేసేదాన్ని."

ఆయన నవ్వలేదు. "తట్టడం మానుకుంటే చాలు. రెండోది కరెక్టే," అన్నారు.

నేను అసలు పనిలోకి దిగాను. "ఫీజు చెప్పండి సార్."

"గోడమీద ఉంది గదమ్మా."

"గోడమీదది ఊరందరికీ సార్. నాకు చెప్పండి."

"నాకు వేరే గోడ లేదమ్మా."

అప్పుడు టైము ఉదయం తొమ్మిది. కావాలనే ఆ వేళకు వెళ్ళాను. బోణీ బేరాన్ని ఏ అంగడివాడూ వదులుకోడు. పొద్దున వచ్చిన మొదటి మనిషి ఉత్త చేతులతో వెళితే ఆ రోజంతా అంతే అనుకుని, అసలు ధరకైనా ఇచ్చేస్తాడు. మా నాయన నష్టానికి కూడా ఇచ్చిన రోజులున్నాయి. "పదిహేను ఇస్తాను సార్. బోణీ. కాదనకండి," అన్నాను.

"తొమ్మిదింటికొచ్చినా, సాయంత్రం నాలుగింటికొచ్చినా ఇరవై రెండేనమ్మా."

"పదహారు. ఇంక మాట్లాడొద్దు."

"నేను మాట్లాడటం లేదమ్మా," అన్నారు ఆయన, చాలా మర్యాదగా.

ఇక మిగిలింది ఆఖరి అస్త్రం. లేచి, "సరే సార్, వస్తాను," అని బయటికి నడిచాను. బేరం తెలిసిన వాళ్ళకు ఈ నడక తెలుసు. గడప దగ్గర ఒకసారి ఆగాలి. మెట్లు ఒక్కొక్కటే దిగాలి. వెనక్కి చూడకూడదు. ఏ అంగడివాడైనా ఆరో మెట్టు లోపల పిలుస్తాడు. నేను మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలాగా దిగుతున్నాను. తొమ్మిదో మెట్టు దగ్గర వెనక చెప్పుల చప్పుడు వినబడింది. పెదాల మీదికి వచ్చిన నవ్వును లోపలికి నెట్టుకుని, ముఖం గంటుగా పెట్టి తిరిగాను.

"అమ్మా, గొడుగు మర్చిపోయినారు," అన్నారు పెంచలయ్య సారు.

గొడుగు చేతికిస్తూ ఇంకోమాట కూడా అన్నారు. "ఫీజు సంగతి అట్ట ఉంచండి. నాలుగు రోజులొచ్చి ఊరికే కూర్చోండి. డబ్బు వద్దు. పని మీకు నచ్చుతుందో లేదో మీకే తెలుస్తుంది. తర్వాత చూసుకుందాం."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్ళు. నాకు అనుమానం వచ్చింది. ఇంటికి వెళ్ళి చెబితే మా నాయనకు అంతకంటే పెద్ద అనుమానం వచ్చింది. మంచంమీద లేచి కూర్చున్నాడు. "ఊరికే కూర్చోమన్నాడా? నాలుగు దినాలా? పాపా, మనం ఏ గుడ్డను ఊరికే ఇచ్చేవాళ్ళం?"

"రంగు దిగేదాన్ని."

"మరి?" అని మళ్ళీ పడుకున్నాడు. అంతటితో పెంచలయ్య సారు వ్యవహారం మా ఇంట్లో ముగిసింది.

రెండో చోటు పేరు చెప్పను, ఇప్పుడు ఆ పేరుతో అక్కడ ఏమీ లేదు కూడా. అద్దాల తలుపు, చల్లటి ఏసీ, కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చే అమ్మాయి. నేను ధర అడిగిన ప్రతిసారీ ఆ అమ్మాయి, "మేనేజరు సారును అడిగొస్తా మేడమ్," అని లోపలికి వెళ్ళి, ముఖం వేలాడేసుకుని వచ్చి ఇంకో తొమ్మిది పది వేలు తగ్గించేది. ఆ నాటకం నాకు తెలియనిది కాదు. మా అంగట్లో నేనూ 'నాయన్నడిగొస్తా' అని తెర వెనక్కి వెళ్ళి, అర చెంబు నీళ్ళు తాగి వచ్చేదాన్ని. నాయన ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతూ ఉండేవాడు. అంత తెలిసీ, ఆ అమ్మాయి నాలుగోసారి లోపలికి వెళ్ళినప్పుడు కుర్చీ అంచుకు జరిగి ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఎనిమిదికి ఒప్పుకున్నప్పుడు గెలిచినట్టే అనిపించింది. ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, ఏ కంప్యూటరు ముట్టుకోనిస్తారు అని ఒక్క ప్రశ్న అడగలేదు. అంగడిలో గుడ్డ కొనేముందు నూలు లాగి చూసే నేను, అంత ఖరీదైన సరుకును తగ్గింపు చూసి కొన్నాను. నాయన పొంగిపోయాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ, "అరవై అయిదు చెప్పినారు, మా పాప ఇరవై ఎనిమిదికి తెంపింది," అని నెల రోజులు చెప్పుకున్నాడు.

రెండు నెలలు రోజూ రైల్లో నెల్లూరు వెళ్ళి వచ్చాను. గోడమీద తెర దించి వీడియోలు వేసేవాళ్ళు. నేర్పే సారు మూడుసార్లు మారారు. ముట్టుకోవడానికి కొత్త కంప్యూటర్లున్నాయి గానీ, మూత తీస్తే వారంటీ పోతుందని ఎవరినీ తీయనిచ్చేవాళ్ళు కాదు. ఆఖరున ఏడు సర్టిఫికెట్లు ఇచ్చారు, బంగారు రంగు అంచులతో. కొసరుకు సర్టిఫికెట్ లేదన్నారు. దానిమీద కూడా కాసేపు వాదించి, ఓడిపోయి, ఏడింటికీ ముప్పై రూపాయల చొప్పున లామినేషన్ చేయించాను.

వాటిని సంచిలో పెట్టుకుని తడ దగ్గర ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్ళాను. అక్కడ కూర్చున్న ఆయన సర్టిఫికెట్లను తాకను కూడా లేదు. బల్లకింద నుంచి ఒక పెట్టె తీసి నా ముందు పెట్టి స్విచ్ వేశారు. అది మూడుసార్లు కూసి ఊరుకుంది.

"ఇది లేవడం లేదు. కాస్త చూడండి మేడమ్."

చూడాలంటే మూత తీయాలి. జీవితంలో మొదటిసారి ఆ స్క్రూలు విప్పాను. రేకును ఇటు లాగి, అటు లాగి, మొత్తానికి ఊడదీశాను. లోపల ఇంకో రేకు తప్ప ఏమీ లేదు. అంగడివాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎవరో ఆయన్ను మోసం చేశారనుకున్నాను. "సార్, దీంట్లో సరుకేం లేదు," అన్నాను జాలిగా.

ఆయన చాలా మంచివారు. నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగి, "అది వెనక వైపు మేడమ్. అటు పక్కది తీయాలి," అన్నారు.

తిరుగు రైల్లో సూళ్లూరుపేట స్టేషను వచ్చినా నాకు తెలియలేదు, పక్కామె తట్టి లేపింది. ఇంట్లో జరిగింది చెప్పాను. "వాపసు తీసుకోరా పాపా?" అన్నాడు నాయన. తీసుకోరని చెప్పాను. "గుడ్డయితే తీసుకునేవాళ్ళం," అన్నాడు ఆయన, తన తప్పు కూడా ఉందని ఒప్పుకోవడానికి అంతకంటే దగ్గరి మాట ఆయనకు దొరకక.

డెబ్బైలో సగం దాకా పోయింది. మిగిలినదాన్ని తప్పు చోట పెడితే ఇక నాకు ఇంకో దారి లేదు. మళ్ళీ ఆ ఎరువుల వాసన మధ్యనుంచి మెట్లెక్కాను. పెంచలయ్య సారు నన్ను చూసి, 'ఏమైంది' అనలేదు, 'నేను ముందే చెప్పినా' అనలేదు. ఆ రెండో మాట కోసం నేను దారంతా సమాధానాలు తయారు చేసుకుని వెళ్ళాను, అన్నీ వృథా. కుర్చీ చూపించి, "టీ తాగుతారా అమ్మా?" అన్నారు. టీ తాగుతూ జరిగిందంతా చెప్పాను. రేకు సంగతి దగ్గర మాత్రం ఆయన భుజాలు కదిలాయి.

సిగ్గులేకుండా చెబుతున్నాను, గ్లాసు కింద పెడుతూనే మళ్ళీ మొదలుపెట్టాను. "సార్, ఇప్పుడు నా పరిస్థితి చూసి..."

"ఇరవై రెండేనమ్మా."

"పోనీ ఒకేసారి కట్టలేను సార్."

"నాలుగుసార్లుగా కట్టండి. తగ్గించమంటే తగ్గించను గానీ, ఆగమంటే ఆగుతా."

నెలకు అయిదు వేల అయిదు వందలు. ఒప్పుకున్నాను. ఒక మనిషి చెప్పిన ధరకు నేను కొన్న మొదటి వస్తువు అదే.

ఆ గదిలో మేము అయిదుగురం. నా పక్కన కూర్చునేది చెంగయ్య. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. ముప్పై ఏళ్ళు ఉంటాయి, మాట బయటికి రావడమే కష్టం. చేరిన మూడో రోజు అతను నన్ను మెట్ల దగ్గర ఆపి, అటూ ఇటూ చూసి, "అక్కా, మీరెంత కట్టినారు?" అని అడిగాడు.

"ఇరవై రెండు. నాలుగు కంతులు."

అతను ఊపిరి వదిలాడు. "నేనూ అంతే అక్కా. ఒకేసారి కట్టేసినా. నాకు అడగడం చేతగాదు గదా, ఎక్కువ కట్టినానేమోనని మూడు దినాలుగా ఇదైపోతున్నా."

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను మెట్లమీదే నిలబడిపోయాను. మా అంగడి గుట్టు నాకు తెలుసు. గట్టిగా అడిగే వాళ్ళకు మీటరు మీద పది రూపాయలు తగ్గించగలిగేది, అడగలేని వాళ్ళ దగ్గర పది ఎక్కువ తీసుకుంటాం కాబట్టి. చెప్పిన ధరకు చెప్పినట్టు డబ్బులిచ్చి తలవంచుకుని వెళ్ళే ఆడవాళ్ళు రోజుకు నలుగురు వచ్చేవారు. వాళ్ళ వల్లే మిగతావాళ్ళు గెలిచేవాళ్ళు. సారు నాకు పదహారుకు ఒప్పుకుని ఉంటే, ఆ ఆరు వేలు ఎవరి జేబులోంచి వచ్చేవో ఇప్పుడు నాకు పేరుతో సహా తెలిసింది. ఆయన మాత్రం దీని గురించి నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆయన కాగితం గోడకు అంటించారు, అంతే.

ఆయన నేర్పే తీరు విచిత్రంగా ఉండేది. పొద్దున మేము వచ్చేసరికి ఆరు కంప్యూటర్లలో ఆరు రోగాలు పెట్టి ఉంచేవారు. ఒకదానికి వైరు వదులు, ఒకదానికి ర్యామ్ మీద మసి, ఒకదానికి ఏమీ ఉండదు, స్క్రీను వెలుతురు తగ్గించి ఉంటుంది. మధ్యాహ్నం మాత్రం ఆయన కిందికి దిగి, ఎరువుల బస్తాల పక్కన నిలబడి మాకు ఫోను చేసేవారు. ఆయన ఏమీ తెలియని ఉద్యోగి. మేము సపోర్టు. నా మొదటి ఫోను కాల్ ఇట్లా నడిచింది.

"అమ్మా, నా కంప్యూటరు పని చేయడం లేదు."

"ఆపి మళ్ళీ వేయండి సార్."

"వేసినా. రాలేదు."

"అయితే ర్యామ్ పోయుంటుంది. మారిస్తే సరి."

"ఎంతవుతుందమ్మా?"

"రెండు వేల లోపు చూస్తాం సార్. మంచిదే వేయిస్తాను."

"ఇక్కడ కరెంటు పోయిందమ్మా," అన్నారు ఆయన.

గదిలో నలుగురూ పడీపడీ నవ్వారు, చెంగయ్య కూడా. సారు పైకి వచ్చారు. నాకు రోషం వచ్చి, "కరెంటు లేదని మీరు ముందే చెప్పాల గదా సార్!" అన్నాను.

"మీరు అడగలేదు. రెండు మాటలు వినంగానే అమ్మేసినారు," అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీ అంగడికి ఒకామె వచ్చి ఎరుపు లైనింగు కావాలంటే ఏం చేస్తారు? అందరికీ వినబడేట్టు చెప్పండి."

"ఏ ఎరుపని అడుగుతాను. చీర తెచ్చినారా అని అడుగుతాను. తెస్తే చీరనూ గుడ్డనూ పట్టుకుని గడప దగ్గరికి పోతాను."

"గడప దగ్గరికి దేనికి?"

"లోపల ట్యూబు లైటు కింద రంగు అబద్ధం చెబుతుంది సార్. ఎండలో పెట్టి చూస్తేగానీ కలిసిందీ లేందీ తెలియదు. ఆమెకు కలిసిందనిపించినా నేను ఒకసారి చూడాల. లేకపోతే ఇంటికిపోయి మళ్ళీ వస్తుంది."

ఆయన మిగతావాళ్ళ వైపు తిరిగారు. "రాసుకోండి. ఇదే సపోర్టు పని. ఈమె పద్నాలుగేళ్ళు చేసింది. ఫోను ఎత్తంగానే మర్చిపోయింది." తర్వాత నా వైపు తిరిగి, "వాళ్ళు చెప్పే మాటను కూడా గడప దగ్గరికి తీసుకుపోండమ్మా. ఏం చూసినారు, ఎప్పటినుంచి, పక్కన ఇంకేం జరిగింది. తర్వాత మూత తీయండి," అన్నారు.

మూసేసిన అంగడిని తలచుకుని నేను ఏడ్వని రోజు అప్పటిదాకా లేదు. పద్నాలుగేళ్ళు పోయాయి, దేనికీ పనికిరాలేదు అనే లెక్కలో ఉన్నాను. ఆ మధ్యాహ్నం ఆయన ఆ పద్నాలుగేళ్ళను నాకు వెనక్కి ఇచ్చారు. ఇచ్చినట్టు కూడా కనబడకుండా, తర్వాతి ఫోను చేయడానికి మెట్లు దిగిపోయారు.

నాలుగో నెల ఆఖరున ఇప్పుడున్న ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ జరిగింది. ఈసారి మూత సరైన వైపే తీశాను. ఉద్యోగం వచ్చింది. రెండో నెలలో ఒక ప్రింటరు దగ్గర ఇరుక్కుపోయి, భోజనాల వేళ సారుకు ఫోను చేశాను. ఆయన నలభై నిమిషాలు ఓపిగ్గా నా చేత ఒక్కొక్కటే పరీక్ష చేయించి దారికి తెచ్చారు. మాటల్లో నేను, ప్రొడక్షన్ మేనేజరు గట్టిగా అరిచాడని, అందుకే ఆయన ప్రింటరు ముందు పట్టుకున్నానని చెప్పాను.

"ముందు పిలిచింది ఆయనేనా?" అన్నారు సారు.

కాదు. క్యాంటీన్‌లో కూపన్లు కొట్టే అమ్మాయి పొద్దున్నే పిలిచింది. 'వీలైనప్పుడు రండి మేడమ్, తొందరేం లేదు' అంది. ఆమె మిషను ఆగిపోయి నాలుగు గంటలైంది. వరుసలో వంద మంది నిలబడుంటే చేత్తో కూపన్లు రాసిస్తోంది.

"తొందర లేదని చెప్పేవాళ్ళ దగ్గరికి ముందు పోండమ్మా. వాళ్ళు రెండోసారి పిలవరు," అన్నారు. ఆ రోజు నుంచి నా బల్లమీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఎవరు ఎప్పుడు పిలిచారో రాసుకుంటాను, ఆ వరుసలోనే వెళతాను. దాని వల్ల నాలుగు తిట్లు తిన్నాను, ఒకసారి మేనేజరు నా మీద ఫిర్యాదు కూడా రాశాడు. వరుస మాత్రం మార్చలేదు. ఆయన దగ్గర నుంచి తెచ్చుకున్న వాటిలో నేను రోజూ వాడేది ఇదే.

ఇక్కడితో ఆపేస్తే నేను కాస్త మంచిదాన్నిగా కనబడతాను. కానీ ఆ ఫోను ఆఖర్లో ఇంకో మాట ఉంది. నేను మూడు కంతులే కట్టాను. నాలుగోది కట్టాల్సిన నెలలో ఉద్యోగం వచ్చింది, జీతం అందాక ఇస్తానన్నాను. జీతం అందింది. ఇంకో కారణం చెప్పాను. ఆ రోజు ప్రింటరు బాగయ్యాక, "సార్, ఆ చివరిది..." అని సాగదీశాను.

"చూసుకుని పంపండమ్మా," అన్నారాయన.

ఆఖరి కంతు గురించి అంగడివాళ్ళకు బాగా తెలుసు. అప్పు తీసుకున్నవాళ్ళు మూడు వంతులు కట్టి, నాలుగోది లాగుతారు. లాగుతూ పోతే ఇచ్చినవాడే ఒకరోజు విసుగొచ్చి 'పోనీలే' అంటాడు. నేను ఆ పోనీలే కోసం చూస్తున్నాను. పోట్లాటకు కాదు, ఆయన మీద గౌరవం లేకా కాదు. ఒక్కసారైనా ఆయన చేత తగ్గించాలని, అంతే. ఆయన తగ్గించలేదు, అడగనూ లేదు. ఆగుతానన్నారు, ఆగారు.

పోయిన ఎండాకాలంలో చెంగయ్య ఫోను చేశాడు. అతనిప్పుడు నెల్లూరులో ఒక ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. "అక్కా, సారు పోయినాడు. గుండెనొప్పి. రెండు వారాలు మా ఆస్పత్రిలోనే ఉన్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు," అన్నాడు.

ఆయన ఇంటికి వెళ్ళాను. రెండు గదుల అద్దె ఇల్లు. ఆయన భార్య రత్నమ్మ గారు గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. డబ్బున్న కవరు ఆమె చేతిలో పెట్టాను.

"ఏందమ్మా ఇది?"

"ఫీజు. ఆఖరి కంతు."

ఆమె తికమకపడి నా వైపు చూశారు. "ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడిగినానమ్మా. ఎవరన్నా ఇయ్యాల్సింది ఉందా, పోయి అడుగుతానని. ఎవరూ లేరు, అందరూ కట్టేసినారని చెప్పినాడే!"

ఆమె కవరు తెరవకుండానే ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు ఆ గొడుగమ్మవా?" అన్నారు. "నీ సంగతి చెప్పి నవ్వేవాడు. మెట్లమీద అట్ట మెల్లంగా దిగుతుంటే పిలవబోయినాడంట, పిలవకుండా మనసు గట్టిగా పట్టుకోని నిలబడినాడంట." టీ పెట్టి ఇచ్చారు. తాగి వచ్చాను.

డెబ్బై వేలకు లెక్క ఇది. తగ్గించానని ఊరంతా చెప్పుకున్న ఏడు కోర్సులకు ఇరవై ఎనిమిది వేలు. లామినేషనుకు రెండు వందల పది. ఆరు నెలల రైలుకు, ఆటోలకు, టీలకు తొమ్మిది వేలు. పెంచలయ్య సారుకు ఇరవై రెండు వేలు. మిగిలింది పదివేల ఏడువందల తొంభై. ఆయన ఫీజులో ఒక్క రూపాయి తగ్గించలేకపోయాను. గడువులో పదకొండు నెలలు కొట్టేశాను. ఆ అయిదు వేల అయిదు వందలు అన్నాళ్ళూ మా బీరువాలోనే ఉన్నాయి.